చివుకు చెట్టు

నాంచారయ్య మోచేతి దాకా చెయ్యి ముంచి పురుగుమందు కలుపుతున్నాడు. కర్రతో కలిపితే అడుగున ముద్ద కడుతుందని అతని నమ్మకం. అది 1969, మాఘమాసం. బాపట్ల శివార్లలోని ఆ మామిడితోట పూత మీద ఉంది. పూతకు తేనెమంచు పురుగు పట్టింది.

"ఒక్క చెట్టు కూడా వదలకు నాంచారయ్యా" అని ఆసామి వెంకట సుబ్బయ్య పొద్దున్నే చెప్పి వెళ్ళాడు.

"అట్టాగేనండి" అన్నాడే కానీ గుండెల్లో రాయి పడింది. బావి పక్క చెట్టు మీద చివుకు ఉంది.

వక్కకాయంత పిట్ట. పాచిరంగు వీపు, కంటి మీద తెల్లటి గీత. దసరా వెళ్ళాక వస్తుంది, ఎండలు ముదిరితే పోతుంది. హిమాలయాల్లో గూడు కడుతుందట, కాలేజీ మేష్టారొకరు చెప్పారు. ఏటా అదే చెట్టు. ఇంకోటి వాలితే తరిమేస్తుంది. ఆకుల అడుగున పురుగులు ఏరుకుంటూ, క్షణం కుదురుగా ఉండక 'చివుక్, చివుక్' అంటుంది. ఊళ్ళో దానికి పేరు లేదు కనుక నాంచారయ్య ఆ కూతనే పేరు చేశాడు.

అతను పుట్టింది చేపలవేటకు వెళ్ళేవాళ్ళ ఇంట్లో. తండ్రిని సముద్రం మింగాక పడవ ఎక్కలేకపోయాడు. పిరికివాడని వాడలో అందరూ నవ్వితే, పెళ్ళాన్ని తీసుకుని ఈ తోటలో పాక వేసుకున్నాడు. ఇంత పిట్ట అంత దూరం ఎలా ఎగిరి వస్తుందో తలుచుకుంటేనే అతనికి భయమేసేది. ఇవాళ్టి భయం వేరు. మందు పడ్డ పురుగును అది తింటే?

మధ్యాహ్నానికి గాలి మళ్ళింది. తుంపర బావివైపు కొట్టుకుపోతోంది. గాలికి వీపు పెట్టి కొట్టాల్సినవాడు, చివుకు చెట్టుకు అడ్డంగా నిలబడి గాలికి ఎదురుగా కొట్టాడు. మందంతా ముఖాన పడింది.

"ఏంటయ్యా, ఒళ్ళంతా తడిపేసుకున్నావు? ఆ పిట్ట నీకేమన్నా పిండం పెట్టుద్దా?" అంటూ గంగరత్నం పాకలోంచి వచ్చింది.

"ఈ చెట్టు వదిలేశానని ఆసామికి చెప్పమాకే" అన్నాడు. నోట చొంగ కారుతోంది. చేతులు వాటంతటవే అదురుతున్నాయి.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆస్పత్రికి పోదాం, లెగు."

ఆస్పత్రన్నా అతనికి భయమే. తల అడ్డంగా ఊపాడు. మజ్జిగ తాగితే మందు విరుగుతుందని తోటల్లో అందరూ అనుకునేదే. ఆమె పరుగున చెంబుతో తెచ్చింది. సగం తాగి, బావి గట్టు మీదే ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

మట్టి చేసిన మర్నాడు వెంకట సుబ్బయ్య పలకరించడానికి వచ్చాడు. బావి పక్కన కూర్చుని, చెట్టు పైకి తలెత్తి చూశాడు.

"పూత నిండా ఇంకా పురుగే. ఈ చెట్టుకు కొట్టినట్టు లేదే అమ్మా?"

ఆ పిట్టను ఆమె రాత్రంతా ఎంత తిట్టుకుందో దేవుడికే తెలియాలి. కొమ్మల్లో 'చివుక్' అని వినిపించింది.

"కొట్టాడండి. ముందు కొట్టింది దానికేనండి" అంది గంగరత్నం.

బావి గట్టు మీద, సగం మజ్జిగతో చెంబు ఇంకా అలాగే ఉంది.