ఎవరి జాబితాలోనూ లేని ఇస్క్రా

ఇస్క్రాకి రోజుకి రెండు వందల మెయిళ్ళు వచ్చేవి. డిసెంబరు మొదట్లో అవి ఉన్నట్టుండి పదకొండుకి పడిపోయాయి. ఇంకొకరైతే హమ్మయ్య అనుకునేవారు. ఆమె మాత్రం ఇక తన పని అయిపోయిందనుకుంది. బల్గేరియాలో ప్లొవ్‌దివ్ ఊళ్ళోని ఆ టైల్స్ కంపెనీలో ఎవరు ఎవరికి ఏం రాసినా ఇరవై రెండేళ్ళుగా ఆమెకొక కాపీ రావలసిందే. పోయినేడు ప్యాకింగ్ చూసే రంగెల్‌కి మొదట కాపీలు ఆగాయి, తర్వాత చేతిలో పూలగుత్తి పెట్టి ఇంటికి పంపేశారు.

నిజమే, "ఈ మెయిళ్ళు నన్ను మింగేస్తున్నాయి, ఏదో ఒకటి చెయ్యండి" అని నవంబరు మీటింగులో గోలపెట్టింది తనే. అందరికీ కలిపి ఉన్న మెయిలు జాబితా తీసేసి, ఏ విభాగానికా విభాగం తమవాళ్ళ పేర్లతో సొంత జాబితా రాసుకోమంది డైరెక్టరమ్మ. అంతమాత్రాన తన పేరే ఎగరగొడతారా?

ఇది ఇగ్నాత్ పనే. రెండేళ్ళ క్రితం చేరాడు, ఎదురు బల్ల. ఎప్పుడూ తియ్యగా నవ్వుతాడు, ఆ నవ్వంటేనే ఆమెకి ఒళ్ళుమంట. పైగా ఈమధ్య తను రాగానే స్క్రీను మార్చేస్తున్నాడు. కిటికీ అద్దంలో అతని స్క్రీను కనబడేలా కుర్చీ జరుపుకుంది. ఫుట్‌బాల్ స్కోరు కనబడింది. ఎంత జాగ్రత్తపరుడో అనుకుంది.

ఇరవయ్యో తేదీన అతని పేరు పండగ, అంటే ఆ పేరుగల సెయింటు రోజు; ఆ పేరున్నవాళ్ళు ఆరోజు అందరికీ తీపి పంచుతారు. ఇస్క్రా కాఫీకని వంటగదిలోకి వెళ్ళేసరికి అందరి నోళ్ళలోనూ చాక్లెట్లే. డబ్బాలో కాగితాలు మిగిలాయి.

"ఇంతాలస్యమేంటక్కా? పొద్దున్నే మెయిల్ పెట్టానుగా," అన్నాడు ఇగ్నాత్.

"నాకు పెట్టలేదు. నా కుర్చీ కావాలంటే మొహమ్మీదే అడుగు బాబూ. ఈ చాటుమాటు పనులెందుకు?"

అతని నవ్వు పోయింది. ఫోను తీసి జాబితా చూశాడు. "అయ్యో, మిమ్మల్ని స్టోర్సువాళ్ళు వేసుకున్నారనుకున్నానక్కా."

స్టోర్సులో పనిచేసే స్టెఫ్కా గబగబా చాక్లెట్ మింగింది. "మేం డిజైనువాళ్ళు వేసుకున్నారనుకున్నాం."

డిజైనువాళ్ళు అమ్మకాలవాళ్ళ వైపు చూశారు. అమ్మకాలవాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు.

కుట్రయినా బాగుండేది అనిపించింది ఇస్క్రాకి. ఎవరో ఒకరిని కడిగిపారేసి కసి తీర్చుకునేది. నలభై మందిలో ఒక్కరికీ తనమీద కోపం లేదు, అదే భరించలేకపోయింది.

"దానికేముంది, మా దాంట్లో ఇప్పుడే వేసేస్తాను," అన్నాడు ఇగ్నాత్. "ఈ గడిలో మీరేం పని చూస్తారో రాయాలి. ఏం రాయమంటారక్కా?"

ఇస్క్రా నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ వచ్చిన ప్రతి మెయిలుకీ "చూశాను" అని జవాబు పెట్టింది. అది కాక ఇంకేం చేసిందో వెతుక్కుంది. అతను గడి మీద వేలుంచి, ఆమె చెప్పేదాకా మర్యాదగా ఆగాడు.