ఎలుకలు పడిన బడి

బసవనగుడ్డంలో ఎలుకలు పడ్డాయంటే ఇక ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. దూలం మీద నుంచి ఒక ఎలుక తూలుకుంటూ దిగి నట్టింట్లో చచ్చి పడితే చాలు, ఆ పూటకే ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకునేది. ప్లేగు ఆలూరు తాలూకాకు కొత్తదేమీ కాదు. మూడు నాలుగేళ్ళకొకసారి అల్లుడొచ్చినట్టు వచ్చి, అల్లుడిలాగే కావలసినంత మేసి పోయేది. అందుకే దానికి ఒక పద్ధతి ఏర్పడిపోయింది. ఇంటి తలుపులు బార్లా తీసిపెట్టాలి. మిద్దె నడుమ వెలుతురు కోసం ఉంచిన గవాచి మూత తీసి, ఎండ లోపల పడేట్టు చేయాలి. గింజ అన్నది ఇంట్లో మిగలకూడదు. గింజ ఉన్నచోట ఎలుక ఉంటుంది. ఆ తర్వాత చేలల్లో గుడిసెలు వేసుకుని, సుంకులమ్మకు మొక్కుకుని, ఉగాది దాకా అక్కడే కాపురం. ఈ పద్ధతి ఏ దొరా పెట్టలేదు, ఏ డాక్టరూ చెప్పలేదు. చచ్చినవాళ్ళను చూసి బతికినవాళ్ళు నేర్చుకున్నది.

జర్మనీ యుద్ధం జరుగుతున్న ఆ ఏడు కూడా అందరూ ఇళ్ళు తెరిచిపెట్టే పోయారు. ఒక్క బడికి మాత్రం తాళం పడింది.

ఆ తాళం వెనక ఏముందో ఊరందరికీ తెలుసు. ఊరి పెత్తనం చేసే గౌడు పెద్ద ఈరన్న జొన్నల పాతరలోకి ఆ ఏడు నీళ్ళు దిగాయి. పాతరలో నుంచి తీసిన జొన్నలు ఎక్కడ పోయాలి? గుడిసెల్లో పోస్తే దొంగల భయం. ఊళ్ళో రాతిగోడలు, గట్టి తలుపు ఉన్నది బడి ఒక్కటే. గౌడు అయ్యవారిని తాళంచెవి అడిగాడు, అయ్యవారు ఇచ్చాడు. ఊరి మగవాళ్ళే సంచులు మోశారు. గుడిసెల్లో ఉన్నన్నాళ్ళూ కూటికి లేనివాళ్ళకు ఆ జొన్నలే కొలిచి ఇస్తానని గౌడు మాటిచ్చాడు మరి. పద్ధతి తెలిసిన నోళ్ళన్నీ సంకటిముద్దతో మూతపడ్డాయి.

దౌలత్ బీకి కూడా ఆ సంగతి తెలుసు. బడి ఊడ్చి అలికేది ఆమే. మొగుడు గౌస్ పీర్ దూదేకుల పని చేసేవాడు, అంతకు ముందొచ్చిన ప్లేగులో పోయాడు. మిగిలింది కొడుకు జిలాని బాషా. వాడు నాలుగో తరగతి. ఫాల్గుణంలో పరీక్ష గట్టెక్కితే ఆదోనిలో సాయిబుల పిల్లలకు తిండి పెట్టి చదువు చెప్పే బడికి పంపుతానని అయ్యవారు ఆంజనేయ అన్నాడు. గట్టెక్కకపోతే ఏమవుతుందో కూడా దౌలత్ బీకి తెలుసు. ఉగాది నుంచి వాణ్ణి తన గొడ్లకాడ జీతానికి పెట్టమని గౌడు అప్పటికే కబురంపాడు. గౌడు దొడ్లో జీతానికి చేరిన పిల్లలు మీసాలొచ్చి, తల నెరిసి, ఆ దొడ్లోనే ముసలివాళ్ళయ్యారు గానీ బయటికి వచ్చినవాడు లేడు. ఆమె ఆశంతా ఆ పరీక్ష మీదే ఉంది.

పుష్యమాసంలో అయ్యవారు గుడిసెల మధ్య జనాన్ని కూర్చోబెట్టి అసలు మాట బయటపెట్టాడు. వచ్చే నెలలో బడుల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. అప్పటికి బడి నడుస్తూ కనబడకపోతే తాలూకా బోర్డువాళ్ళు దాన్ని ఎత్తేసి ఇంకో ఊరికి ఇచ్చేస్తారు. పిల్లలు పొద్దున ఊళ్ళోకి పోయి చదువుకుని, పొద్దుగూకేలోపల గుడిసెలకు వచ్చేస్తే సరిపోతుందని ఆయన వాదన.

గొర్రెలు మేపే గిడ్డయ్య లేచాడు. ప్లేగుకు పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడు.

"ఏమప్పా అయివోరూ, పెద్దోళ్ళమే ఊర్లో కాలు పెట్టకుండా ఉండామే, పిలకాయల్ని ఏంటికి పంపల్ల? పాఠమేగదా, ఈడ చెప్పరాదా? ఆకాశం కిందైతే అచ్చరాలు రావా?"

"నాకేమయ్యా, చెట్టు కిందైనా చెప్తాను. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు. బిల్డింగులో నడిస్తేనే బడి అంటాడు."

"ఆయప్ప బిడ్డల్ని తెచ్చి కూచోబెట్టమను, మా బిడ్డలూ వస్తారు!"

జనం నవ్వారు. అప్పుడు ఆడవాళ్ళలో నుంచి దౌలత్ బీ ముందుకొచ్చింది. మగవాళ్ళ పంచాయతీలో ఆమె నోరు తెరవడం అదే మొదలు.

"గిడ్డన్నా, నీకు గొర్రెలుండాయి, నీ కొడుక్కు గొర్రెలుంటాయి. నా పిల్లోనికి ఏముండాది? ఈ ఒక్క యేడు పోతే వానికి ఇంక బడి లేదు. తాళం తియ్యండప్పా, ఊడ్చి, అలికి, ఎండపెట్టి నేనే బాగుచేస్తా."

తాళం అనే మాట వినబడగానే సంచులు మోసినవాళ్ళంతా గౌడు వైపు చూశారు. గౌడు పెద్ద ఈరన్న విభూతి నుదురు తడుముకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళు ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతారు.

"చదువు యాడికీ పోదు. పాణం పోతే వస్తాదా? పసిబిడ్డల ఉసురు నాకొద్దు. బడి తెరిచేది లేదు."

ఆహా, ఎంత దయ! గిడ్డయ్య కూడా చేతులు జోడించాడు. గౌడు కొడుకులిద్దరూ బళ్ళారిలో చదువుకుంటున్నారన్న సంగతి ఆ దయలో ఎవరికీ గుర్తు రాలేదు. జిలాని మాత్రం గుడిసె వెనక కూర్చుని ఎక్కాలు వల్లెవేస్తూనే ఉన్నాడు, పరీక్ష రేపే అన్నట్టు.

తర్వాత గౌడు మనసు మారింది. మారడానికి కారణం ఉంది. ఆదోని వర్తకుడొకడు జొన్నలకు మంచి ధర పలికాడు; యుద్ధం పుణ్యమా అని గింజ బంగారమైంది. ఎద్దుల బళ్ళు వచ్చాయి, సంచులు పోయాయి, ఊరికి కొలవడానికి ఉంచిన కొద్ది సంచులు గౌడు గుడిసెకు చేరాయి, బడి ఖాళీ అయింది. ఆ మర్నాడే గౌడు అయ్యవారిని పిలిపించి, "బిడ్డల చదువు చెడిపోతాండాది, తెరువప్పా బడి," అన్నాడు. పిల్లల్ని పంపనివాళ్ళు ఇక తన గడపకు గింజలకు రావద్దని కూడా కబురు చేశాడు. ఏమిటా పట్టుదల అంటే, ఇన్‌స్పెక్టరు ముందు ఊరి పరువట! కాదన్నవాడు లేడు. గిడ్డయ్య గొణిగాడు గానీ, గొణిగి గొణిగి తన కూతుర్ని కూడా పంపడానికే ఒప్పుకున్నాడు.

దౌలత్ బీ చీపురు, పేడతట్ట పట్టుకుని ఊళ్ళోకి పోయింది. అన్ని ఇళ్ళూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కుక్క కూడా లేదు. బడి తలుపు తోయగానే ముక్కిన గింజల వాసనతో పాటు ఇంకో వాసన గుప్పున కొట్టింది. మూలన వదిలేసిపోయిన గోనెపట్టా ఎత్తింది. కింద ఎలుకలు. ఒకటి కాదు, కుప్ప. కొన్ని ఎండిపోయాయి, కొన్ని నిన్నో మొన్నో చచ్చినవి.

చీపురు అక్కడే పడేసి, చేలకు అడ్డంపడి గౌడు గుడిసె దాకా పరుగెత్తింది.

"గౌడప్పా, ఎలుకలు పడినాయి! బళ్ళో ఎలుకలు పడినాయి!"

గౌడు తాపీగా తాంబూలం నములుతున్నాడు. "అరవాకు. అవి పడింది కాదు, నేను సంపించినేవి. గింజ తింటాండాయని పిండిలో పాషాణం కలిపి పెట్టిస్తి. ఎత్తి పారెయ్, పో."

దౌలత్ బీ నిలబడే ఉంది.

"ఇంగా ఏమి? నీకు అనుమానముంటే చెప్పు, ఇప్పుడే తాళం ఏపిస్తా. నీ కొడుకుని ఉగాదికి నా దగ్గరికి తోలుకొని రా. నాకేమి నష్టం?"

పాషాణం తిన్న ఎలుక నీళ్ళకోసం పరుగెత్తి ఎక్కడో బయట చస్తుందని, గింజల పక్కన కుప్పగా పడి చావదని దౌలత్ బీకి తెలియక కాదు. ఎన్నో ఇళ్ళు ఊడ్చిన చెయ్యి అది. కానీ నమ్మకపోతే బడి లేదు, పరీక్ష లేదు, ఆదోని లేదు. గౌడు దొడ్డి ఒక్కటే ఉంది. అవసరం మనిషి చేత ఏమైనా నమ్మిస్తుంది. దౌలత్ బీ నమ్మింది. ఎలుకల్ని తట్టలో ఎత్తి, వంక దగ్గర పూడ్చిపెట్టి, బడి ఊడ్చి, పేడతో అలికి, సున్నంతో ముగ్గు కూడా వేసింది.

పిల్లలు వరసగా ఊళ్ళోకి నడిచి, ఆ నేల మీద చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, గడప దాకా వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తలలు లెక్కబెట్టుకుని, గుర్రబ్బండి దిగినంత వేగంగా మళ్ళీ ఎక్కి పోయాడు. లోపలికి అడుగు పెట్టలేదు. ఊరి పరువు నిలబడింది.

అదే వారంలో గిడ్డయ్య కూతురికి జ్వరం వచ్చింది. మర్నాడు జిలానికి. ఆ తర్వాత ఇంకో ఇద్దరికి. జిలాని చంకలో నిమ్మకాయంత గడ్డ లేచింది. వాడు జ్వరం సంధిలో ఎక్కాలు అప్పజెప్పాడు. పన్నెండో ఎక్కం దగ్గర తప్పుపోయి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగి, "అమ్మా, ఆ తర్వాత ఎంత?" అని అడిగాడు. దౌలత్ బీకి ఎక్కాలు రావు. ఎంతో చెప్పలేక వాడి నోట్లో నీళ్ళు పోసింది. తెల్లారేసరికి వాడు లేడు. గిడ్డయ్య కూతురూ పోయింది, మిగతా ఇద్దరూ పోయారు. చచ్చిన ఎలుకల్ని చేతులతో ఎత్తిన దౌలత్ బీకి మాత్రం తుమ్ము కూడా రాలేదు. అంతకంటే పెద్ద శిక్ష అల్లా దగ్గర కూడా ఉండదని ఆమెకు అనిపించింది.

ఊరికి ఆ మాత్రం చాలు. పంచాయతీ మళ్ళీ కూర్చుంది, అదే చోట, అదే మనుషులు. బిడ్డల్ని మింగింది ఎవరు?

"ఈయమ్మ ఎలుకల్ని చూసిందంట," అన్నాడు గౌడు, అందరికంటే మెల్లగా. "చూసి, మూసిపెట్టి, ముగ్గేసిందంట. ఒక్క మాట చెప్పింటే నేను బడి తెరవనిచ్చేవాణ్ణా? మొదట్లో వద్దనింది నేనే గదప్పా?"

దౌలత్ బీ తల ఎత్తింది. "నీకే చెప్తినే గౌడప్పా! పాషాణం పెట్టిస్తి అంటివి గదా!"

"నేనా? ఎప్పుడంటి? నా గింజలకు బడికి ఏం సంబంధం?"

అక్కడ కూర్చున్న మగవాళ్ళలో సంచి మోయని భుజం ఒక్కటీ లేదు. తిలాపాపం తలా పిడికెడు. కూతుర్ని అప్పుడే పూడ్చి వచ్చిన గిడ్డయ్య నోరు తెరిచాడు. గౌడు అతని వైపు చూశాడు. ఉగాది దాకా ఇంకా నెల ఉంది, గుడిసెలో ఇంకా ఇద్దరు పిల్లలున్నారు. గిడ్డయ్య నోరు మూసుకున్నాడు.

దౌలత్ బీ అయ్యవారి వైపు తిరిగింది. "అయివోరూ, తాళంచెవి ఎవరికిచ్చినావో చెప్పు. అదొక్కటి చెప్పు సామీ."

ఆంజనేయ అయ్యవారు నేల చూపులు చూశాడు. చదువుకున్నవాడు కదా, ఏ మాటకు ఎంత బరువో తెలుసు.

"తాళంచెవి... ఊడ్చేది ఆమేగదా. ఆమె దగ్గరే ఉండేది," అన్నాడు.

దౌలత్ బీని గుడిసెల నుంచి వెళ్ళగొట్టారు. ఆమె ఆలూరు దారిలో ఒక పాడు సత్రం అరుగు మీద చేరింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు గానీ, అప్పటికి ఆమెకు ఏ పోటూ తెలియడం లేదు.

ఉగాదికి ఊరు ఊళ్ళోకి తిరిగి వచ్చింది. ఇళ్ళకు సున్నాలు కొట్టారు, సుంకులమ్మకు పొట్టేలు కొట్టారు. బోర్డువాళ్ళు బడి ఎత్తేయలేదు. కానీ ఆ బడిలోకి చీపురుతో పోయే మనిషి దొరకలేదు. గౌడు జీతగాళ్ళు కూడా చేతులు కట్టుకుని వద్దన్నారు. చివరికి ఆంజనేయ అయ్యవారే ఎండలో పడి సత్రం దాకా వచ్చాడు.

"నీకైతే ఏమీ కాలేదు గదా తల్లీ," అన్నాడు. "నువ్వు తప్ప ఎవరూ పోవడం లేదు. ఒక్కసారి వచ్చి ఊడ్చిపోతే, ఊళ్ళో ఉండనివ్వమని గౌడుతో నేను మాట్లాడతా."

దౌలత్ బీ అరుగు దిగింది.

"వస్తా. తాళంచెవి ఎవరికిచ్చినావో ఊర్లో అందరి ముందర చెప్పు. చెప్పిన మరుక్షణం వస్తా."

"అదెట్లమ్మా? నాకూ పెళ్ళాం బిడ్డలుండారు. బడి నా ఒక్కడిదా చెప్పు, పిల్లలందరిది."

"ఏ పిల్లలు సామీ?"

అయ్యవారు వెనక్కి తిరిగాడు. గొడుగు విప్పుకుని వచ్చిన దారినే పోయాడు.

సోమవారం బడి తెరిచారు, ఊడ్చకుండానే. పిల్లల్ని అదే నేల మీద కూర్చోబెట్టారు. పంపకపోతే గౌడుకు కోపం వస్తుందని ఊరంతా పంపింది.