ట్రయల్‌కి పాడిన పాట

నేను ఒక శాంప్లర్‌ని. పేరు చూసి కంగారు పడకండి. పలకంత పెట్టె, పైన పదహారు రబ్బరు మీటలు, వెనక మైకు తగిలించే కంత, అంతే నా సంపద. ఏ శబ్దం వినిపించినా దాచుకుంటాను, మీట నొక్కితే తిరిగి పలుకుతాను. అదీ ఎంతని? నా పొట్టలో పట్టేది మొత్తం రెండు నిమిషాలు.

జపాన్‌లో తయారై, హైదరాబాదులో ఒక నాటక సమాజం దగ్గర పదేళ్లు ఉరుములూ గుర్రపు డెక్కలూ మోశాను. ఆ సమాజం మూతపడ్డాక గుంటూరులో ఎలీషా చేతికి వచ్చాను. చర్చిలో కీబోర్డు వాయించే ఎలీషా ఇంట్లో ఒక గది సర్దుకుని పాటలు చేద్దామనుకున్నాడు. అనుకోవడంలో అతనికి సాటి లేరు. పొద్దున లేస్తే ఫోన్‌లో మిషన్ల వీడియోలే. దీనికి మెమరీ ఎక్కువ, దానికి మీటలు మెత్తన, ఇంకోదానికి బ్యాటరీ ఉంది. ఐదేళ్లలో ఒక్క పాటా పూర్తి చేయలేదు గానీ, ఏ మిషను ఎందుకు పనికిరాదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నేను పనికిరానని నా ఎదుటే చెప్పేవాడు.

అతని అక్క దీవెనమ్మ. ముప్పై ఏళ్లుగా చర్చిలో పాడుతున్న మనిషి. ఆమె గొంతులో పుండు ముదిరిందని, స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చేశారు. ఆసుపత్రిలో మంచం దొరకడానికి మూడు వారాలు పట్టవచ్చన్నారు. ఆమె ఏడవలేదు. నేరుగా తమ్ముడి గదికి వచ్చింది.

"నాయన కట్టిన పాట ఒక్కటి నా గొంతుతో తీసిపెట్టరా. తర్వాత నేనే వినుకోవాలిగా."

"తీస్తానక్కా. మంచి మిషను చూస్తన్నా. రెండే మిగిలినయ్, వాటిల్లో ఏదో ఒకటి తేల్చుకోవాల."

"ఫోన్‌లో తియ్యరాదంట్రా?"

"ఫోనా! నీ గొంతుకి ఫోనేందక్కా, పదిమంది వింటే నా పరువేం కావాల?"

ప్రేమ లేక అన్న మాట కాదది. ప్రేమ ఉండబట్టే అన్నాడు. అందుకే అతన్ని ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.

రెండు వారాలు గడిచినా ఆ రెండు మిషన్లలో ఏదీ తేలలేదు. ఒక గురువారం దీవెనమ్మ విసిగిపోయి నా ముందు కూర్చుంది. "ఊరికే ట్రయల్‌కి పాడక్కా, మైకు చూద్దాం," అన్నాడు ఎలీషా. ఆమె పాడింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది, పక్కింటి కుక్కర్ కూత వేసింది, రెండో చరణంలో గొంతు జీరపోయింది. అయినా పల్లవి నుంచి చివరి దాకా వదలకుండా పాడింది. నేను అన్ని ఉరుములు మోశాను గానీ అంత బరువు ఎప్పుడూ మోయలేదు. లోపల అంగుళం ఖాళీ లేకుండా ఆమే నిండిపోయింది.

ఆదివారం ఎలీషాకి డప్పు శబ్దం పరీక్షించాలనిపించింది. నాలో చోటు లేదు. "ట్రయలేగా, అసలుది కొత్తదాంట్లో తీస్తాం," అని తనకు తనే చెప్పుకుని పాటను కత్తిరించడం మొదలుపెట్టాడు. దగ్గు పోయింది. కుక్కర్ పోయింది. చరణాలు పోయాయి. ఒక "ఆ" మాత్రం శుభ్రంగా ఉందని ఉంచాడు. నాలో ఒకసారి కత్తిరించింది మళ్లీ అతుక్కోదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, నా లోపాల జాబితాలో అదీ చెప్పేవాడు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మంచం ఖాళీ అయిందట, వెంటనే బయలుదేరమన్నారు.

నెల తర్వాత దీవెనమ్మ మెడలో రంధ్రంతో, చేతిలో పిల్లల పలకతో వచ్చింది. 'నా పాట పెట్టు' అని రాసింది. ఎలీషా నా మీద దుమ్ము తుడిచాడు, తీగలు సర్దాడు. చివరికి మీట నొక్కాడు. "ఆ" అన్నాను. ఆమె తర్వాతి మాట కోసం ఎదురుచూసింది. ఇంకో మీట నొక్కాడు. అదే "ఆ", కాస్త పై శ్రుతిలో. నేనేం చేయను, నా దగ్గర ఉన్నది అదే.

"అక్కా, అది ట్రయల్ అనుకున్నానే..."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. తిట్టడానికైనా గొంతు కావాలి కదా. పలక చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎలీషా కొత్తది కొన్నాడు. అందులో మూడు గంటల పాట పడుతుందట. నా మొహం చూడలేక నన్ను పాత సామాన్ల దుకాణంలో ఇచ్చేశాడు. నాలో ఉన్నదాన్ని చెరపడానికి చేయి రాలేదు, దాచుకోవడానికీ ధైర్యం చాలలేదు.

ఇప్పుడు అద్దాల బీరువాలో ఉన్నాను. కొనేవాళ్లు వచ్చి మీటలు నొక్కి చూస్తారు. నిన్న వచ్చినాయన ఒకటికి నాలుగుసార్లు నొక్కి, "ఈ గొంతెవరిదండీ, భలే ఉంది," అన్నాడు. దుకాణదారు లెక్కలోంచి తల కూడా ఎత్తలేదు.

"అది కంపెనీ వాళ్లు పెట్టిందేనండి. వద్దనుకుంటే చెరిపేసుకోవచ్చు."