పందిట్లో మూడు రోజులు

పెద్దమ్మ ఇంటికి సున్నం వేయించడానికి యలమంద నాలుగు రోజులు సెలవు పెట్టి, పెళ్లాం కోటేశ్వరితో గుంటూరు నుంచి పొదిలి వచ్చాడు. మిర్చియార్డులో గుమాస్తాగిరీ, నల్లపాడులో అద్దె కొంప. ఈ ఇల్లు అమ్మితే అక్కడ సొంతంగా రెండు గదులు వేసుకోవచ్చని అతని ఆశ. ఇరవై ఏళ్లుగా మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ఇళ్లు మారినవాడికి ఆ మాత్రం ఆశ లేకపోతేనే వింత.

పెద్దమ్మ పేరు రాఘవమ్మ. పిల్లలు లేరు. చెల్లెలు పోతే దాని కొడుకు యలమందని పదేళ్లప్పుడు తెచ్చుకుని పెళ్లి దాకా పెంచింది. నోరు మాత్రం పెద్దది. వీధి చివర ఎవరైనా దగ్గితే ఇక్కణ్ణుంచే కషాయం చెప్పేది. మిరప కల్లాల్లో ఎండకి ఎండుతూ, మొగుడు కట్టిన పెంకుటింటిని ఆయన పోయాక ముప్పై ఏళ్లు ఒంటిచేత్తో నిలబెట్టుకుంది. కిందటి మాఘమాసంలో ఆవిడ మంచాన పడితే యలమంద, కోటేశ్వరి వచ్చి కూర్చున్నారు. గంజి తాగించారు, ఒళ్లు తుడిచారు, ఎందులోనూ లోటు చేయలేదు.

అలాంటప్పుడు పురోహితుడు పంచాంగం చూసి చల్లగా ఒక మాట చెప్పాడు.

"రేపట్నుంచి ధనిష్ఠా పంచకం యలమందా. ఈ అయిదు రోజుల్లో ప్రాణం ఇంట్లో పోతే, ఆర్నెల్లు తాళం వేసి ఇల్లు పాడుపెట్టాలి. మీ ఇష్టం మరి."

ఆర్నెల్లు పాడుపెట్టిన ఇంటిని ఆ వీధిలో ఎవడూ కొనడు. పెద్దమ్మ కొనఊపిరితో ఉంటే యలమందకి నల్లపాడులో రెండు గదులు కళ్ల ముందు కదిలాయి. మనిషి బుద్ధి అంత పాడుది. ఆ సాయంత్రమే మంచం మోయించి వాకిట్లో తాటాకు పందిరి కింద వేయించాడు.

"ఒరేయ్, చలేస్తోందిరా. నన్ను లోపల పడుకోబెట్టు" అంది ముసలమ్మ.

"లోపల మిరపకాయలు పోశాం పెద్దమ్మా. ఘాటుకి నీకు దగ్గొస్తుంది."

"ఎవరి కాయలు?"

"పక్కింటోళ్లవి."

ఆవిడ గాలి గట్టిగా పీల్చింది. "నాకు ఘాటు తగలట్లేదేరా" అంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరపకాయల్లో బతికిన మనిషితో ఆడాల్సిన అబద్ధమా అది! కొడుకులా పెంచినవాడి మొహం వంక కాసేపు చూసి, ఇక అడగడం మానేసింది. మూడో రోజు పొద్దున పందిట్లోనే పోయింది. ఇంటికి ఏ దోషమూ అంటలేదని వీధంతా యలమంద ముందుచూపుని మెచ్చుకుంది.

ఇప్పుడు గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. పగిలిన పెంకులు మార్పించారు, గచ్చు కడిగారు. సెలవులో నాలుగో రోజు ఇల్లు చూడటానికి జోసఫ్ మాస్టారు వచ్చాడు. పొదిలి హైస్కూల్లో లెక్కలు చెబుతాడట. నెమ్మదైన మనిషి. గదులన్నీ చూసి, నడిమింట్లో ఆగి కిటికీ తెరిచి మూశాడు.

కొనేవాళ్లు ముందుగా అడిగేది ఇంట్లో చావు గురించేనని, మాస్టారు అడక్కుండానే యలమంద అందుకున్నాడు.

"పంచకంలో ఇంట్లో ఏ చావూ జరగలేదండి. మా పెద్దమ్మ కూడా బయట పందిట్లోనే పోయింది. మీరు ఏ శంకా పెట్టుకోనక్కర్లేదు."

"నాకు ఆ పట్టింపుల్లేవండి" అన్నాడు మాస్టారు. "మా అమ్మకి బాగా జబ్బుగా ఉంది. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. మా ఇంటి ఓనరేమో మంచివాడే గానీ, ప్రాణం పోయేముందు బయట పడుకోబెట్టాలని ఇప్పుడే చెప్పేశాడు. అమ్మని వీధిలో పడుకోబెట్టలేనండి. అందుకే ఈ తొందర. సొంత కప్పు కింద, ఈ గదిలో కన్నుమూస్తే చాలు."

యలమంద వెళ్లి ఆ కిటికీ మళ్లీ తెరిచాడు.

"మరి మీ పెద్దమ్మగారు సొంత ఇల్లుండి బయటెందుకు పోయారండీ?" మాస్టారి గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలియక అడిగాడు.

కోటేశ్వరి చప్పున అడ్డొచ్చింది. "ఆవిడే గాలి ఆడట్లేదు, బయట వెయ్యమందండి. ఆవిడ మాట కాదనలేక..."

"అదృష్టవంతురాలు. కోరిన చోట పోయింది" అన్నాడు మాస్టారు.

ఊరుకుంటే సరిపోయేది. బేరం కుదిరినట్టే. కానీ ఆ మాట యలమంద గుండెలో కలుక్కుమంది.

"కాదండి" అన్నాడు. "లోపలికి తీసుకెళ్లమని అడిగింది. చలేస్తోందని అడిగింది. ఇల్లు అమ్ముడుపోదని నేనే తీసుకెళ్లలేదు."

కోటేశ్వరి తల దించుకుంది. మాస్టారు కిటికీ వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

"ఇల్లు నేనే తీసుకుంటానండి. వీలైతే ఈ వారంలోనే అమ్మని తెచ్చుకుంటాను" అని మాత్రం చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

యలమంద నడిమింట్లో గచ్చు మీద చతికిలబడ్డాడు. నలభై ఆరేళ్ల మగాడు, పెళ్లాం చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత లేచి వెళ్లి వీధి తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

"లోపలికి రా పెద్దమ్మా" అన్నాడు. "లోపల కాయలేం లేవు."