ఏ సంచి ఎవరిది

సాలీడు సంగతి సాలీడుకే వదిలేసి ఉంటే ఇంట్లో ఇంత గొడవ జరిగేది కాదు. కానీ చెల్లెలికి నోరు ఊరుకోదు. మేనమామ ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, "మా ప్రయోగం ఫలించింది. తల్లి సాలీడు తన గుడ్ల సంచిని గుర్తుపడుతుంది. పక్కన పరాయిది పెట్టినా దాని జోలికి పోదు" అని గొప్పగా చెప్పుకుంది. అడిగినవాళ్ళు ఎవరూ లేరు. మేనమామ తలాడించి ఊరుకున్నాడు. ఆయన మాటలను దాచిపెట్టుకుని అదను చూసి బయటికి తీసే మనిషి.

చెల్లెలు పనిచేసేది ఒక పరిశోధనాలయంలో, సాలీళ్ళ గదిలో. అక్కడివి గూడు అల్లే రకం కావు. నేల మీద పరిగెత్తి వేటాడే బూడిదరంగు సాలీళ్ళు. తల్లి గుడ్లన్నిటినీ మిరియపు గింజంత సంచిలో చుట్టి, పొట్ట చివర అతికించుకుని, పిల్లలు బయటికొచ్చేదాకా ఎక్కడికెళ్ళినా మోసుకు తిరుగుతుంది. వచ్చాక పిల్లలను వీపు మీద ఎక్కించుకుంటుంది. ఆ సంచిని పట్టకారుతో ఊడదీయడం చెల్లెలి ఉద్యోగం. తర్వాత గాజు పళ్ళెంలో ఒక పక్క దాని సంచి, ఇంకో పక్క వేరే తల్లి సంచి పెట్టి, ఏది తీసుకుంటుందో చూడాలి. రెండేళ్ళుగా అదే పని. తల్లులు దాదాపు ప్రతిసారీ తమదే తీసుకున్నాయి.

ఇక ఇంటి విషయం. చెల్లెలి దగ్గర ఒక పిల్ల ఉంది. బడిలో రాసిన పేరు వేరే ఉన్నా అందరికీ అది పిడుగే. పిడుగును కన్నది అక్క. కాన్పయిన కొద్ది రోజులకే అక్కకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఆసుపత్రి పాలైంది. పసిదాన్ని దగ్గరికి రానివ్వొద్దన్నారు. పెళ్ళీ పెటాకులూ లేని చెల్లెలు "కొన్నాళ్ళేగా" అని ఎత్తుకుంది. ఆ కొన్నాళ్ళు సాగి సాగి పిడుగు బడికి వెళ్ళేదాకా వచ్చింది. పిల్ల ఇప్పుడు పిన్నిని అమ్మ అనీ, కన్నతల్లిని పెద్దమ్మ అనీ పిలుస్తుంది. అక్క కోలుకుంది. దుస్తుల కంపెనీలో గుడ్డ కత్తిరించే పనికి కూడా వెళ్తోంది. పిల్లను ఇచ్చెయ్యమంది. చెల్లెలు ఇవ్వనంది. తగువు మేనమామ దగ్గరికి వెళ్ళింది.

"ఇందులో తగువేముందే అమ్మాయ్?" అన్నాడాయన. "కాకిపిల్ల కాకికి ముద్దు. నువ్వే చెప్పావుగా, పురుగుక్కూడా తన గుడ్డేదో తెలుస్తుందని. మనం పురుగు కంటే హీనమా? ఆదివారం మీ అక్క వస్తుంది. పిల్ల బట్టలు సర్దిపెట్టు."

చెల్లెలు విసురుగా లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి, పిడుగుకు జడ వేస్తూ, తన నోటిని తనే తిట్టుకుంది. బట్టలు మాత్రం సర్దలేదు.

రెండు రోజుల తర్వాత, పరీక్ష మధ్యలో ఉండగా బడి నుంచి ఫోన్ వచ్చింది. పిడుగు పక్కపిల్ల చెయ్యి కొరికిందట, వెంటనే రమ్మన్నారు. పరాయి సంచులు ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉంటాయి, పరీక్షకు ముందే పిల్లలు బయటికి రాకూడదని. వాటిని అప్పుడే బయటికి తీసింది, తల్లుల నుంచి సొంత సంచులను అప్పుడే ఊడదీసింది. కంగారులో ఇవి అటు, అవి ఇటు అయ్యాయి. సొంతవి ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి, పరాయివి బల్ల మీద దీపం కింద ఉండిపోయాయి.

బడిలో క్షమాపణలు చెప్పుకుని, కొరికిన పిల్లను చంకనేసుకుని తిరిగొచ్చి చూస్తే తల్లులు పళ్ళెం అంచుల వెంట పిచ్చిపట్టినట్టు వెతుక్కుంటున్నాయి. పరీక్ష ఎలాగూ పాడైంది, ఏదో ఒకటి దొరకనీ పాపం అని రెండు రకాలూ వాటి ముందు పెట్టింది. మొదటి తల్లి తన చల్లని సంచిని ముందుకాలితో తడిమి వదిలేసింది. దీపం కింద వెచ్చబడ్డ పరాయి సంచిని వాటేసుకుని, తిరిగి, పొట్టకు అతికించుకుని వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

చెల్లెలు స్టూలు మీద కూలబడింది. రెండేళ్ళ పని గంగలో కలిసింది. అయినా ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని చూసి ఆమెకే భయం వేసింది.

గది పెద్దాయనకు అక్కడ అందరూ పెట్టిన పేరు అనుమానం సారు. ఆయన మొత్తం విని, "నీ ఇంటి గొడవ నాకు తెలుసమ్మా. నీకు కావలసిందే నీకు కనబడిందేమో" అన్నాడు.

"అందుకే మీ దగ్గరికొచ్చాను సార్. మీరే చెయ్యండి. ఏది ఎవరిదో మీకు తెలియకుండా నేను పెడతాను."

ఆయన తల్లులను మార్చి, పళ్ళేలను మార్చి, కొన్నిటికి సొంతవి వెచ్చబరిచి, కొన్నిటికి పరాయివి వెచ్చబరిచి, శనివారం దాకా చేశాడు. ప్రతి తల్లీ వెచ్చగా ఉన్నదాన్నే తీసుకుంది. చివరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రెండేళ్ళు తల్లిప్రేమను కొలిచామనుకున్నాం. ఫ్రిజ్‌ను కొలిచామన్నమాట" అని, ఆయన అంతటి మనిషి నవ్వేశాడు.

ఆదివారం మేనమామా అక్కా వచ్చారు. పిడుగు పక్కగదిలో నిద్రపోతోంది. వాళ్ళు కుర్చీల్లో సర్దుకుని కూర్చోకముందే చెల్లెలు మొదలుపెట్టింది.

"మావయ్యా, నేను చెప్పింది తప్పు. సాలీడుకు తనదేదో పరాయిదేదో తెలీదు. వెచ్చగా తగిలినదాన్నే పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే ఇక అదే దానిది. ఊడదీయబోతే పట్టకారునే కరుస్తుంది."

మేనమామ ఆమె వైపూ అక్క వైపూ చూశాడు. దాచుకున్న మాట చెల్లకుండా పోయింది. "పురుగుల మాట పురుగులకు, మనకెందుకే" అని గొణిగాడు. ముందు వాటిని లాక్కొచ్చింది ఆయనేనని ఎవరూ గుర్తుచేయలేదు. చెల్లెలు గెలిచాననుకుంది.

అక్క శ్రద్ధగా వింది. జబ్బు తర్వాత ఆమె గొంతు సన్నబడింది.

"పరాయి సంచిని కూడా చివరిదాకా మోస్తుందటే?"

"మోస్తుంది."

"పిల్లలు బాగానే పుడతాయా?"

"బాగానే పుడతాయి."

"వీపు మీద ఎక్కించుకుంటుందా?"

"ఎక్కించుకుంటుందక్కా. సొంతవాటికీ వాటికీ తేడా ఏమీ చూపించదు" అంది చెల్లెలు, హుషారుగా.

అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"అయితే నాకియ్యవే. కన్నానని అడగట్లేదు. దాని మొహం చూసి నేనూ గుర్తుపట్టలేనులే, బడి ముందు నిలబడితే అందరు పిల్లలూ ఒకేలా ఉంటారు నాకు. నాక్కూడా అది పరాయిదే ఇప్పుడు. నేనూ మోస్తాను. మోస్తే నాదవుతుందని నువ్వే అంటున్నావుగా."

రెండేళ్ళు తప్పు చెప్పిన పురుగులు, ఇప్పుడు నిజం చెప్పి కూడా చెల్లెలి పక్షాన లేవు. అక్క మీద కోపం తెచ్చుకుందామని చూసింది. అదీ రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. మేనమామ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వీధిలో ఏదో ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

అక్క ఓదార్చడానికి రాలేదు. ఎదురుచూస్తూ కూర్చుంది.

కాసేపటికి చెల్లెలు కళ్ళు తుడుచుకుని, "రాత్రిళ్ళు దుప్పటి తన్నేస్తుంది. లేచి కప్పుతూ ఉండాలి" అంది. ఆ మాట అన్నాక గానీ, పిల్లను ఇచ్చేసినట్టు ఆమెకు తెలియలేదు.

"ఎన్నిసార్లు లేవాలే?" అని అడిగింది అక్క.