నాలుగు లైన్లు ఎక్కువ

పరిశోధన పేపరు ఎనిమిది పేజీలు దాటకూడదు. సాయంత్రం ఐదింటికి సదస్సు వాళ్ల సైటు మూసేస్తారు. నాలుగున్నరయినా ఆమె పేపరు తొమ్మిదో పేజీలోకి నాలుగు లైన్లు జారుతూనే ఉంది. పొద్దుటి నుంచి పట్టికలు కుదించింది, బొమ్మలు పక్కపక్కన చేర్చింది. ఒక మూల సర్దితే ఇంకో మూల పొంగుతోంది.

ఎదురు బల్ల సీనియర్‌ని ల్యాబులో అందరూ తాతయ్య అంటారు. ఏడేళ్లయినా అతని పీహెచ్‌డీ తెమల్లేదు.

"మార్జిన్లు కాస్త జరుపు, ఎవడు కొలుస్తాడు?" అన్నాడు.

"పోయినేడు జరిపాం కదా, చదవకుండానే తిప్పి పంపేశారు. ఈసారీ పోతే నీ పక్కనే బల్ల వేసుకోవాలి."

"అమ్మో, ఇక్కడ చోటు లేదు తల్లీ!"

ఇంతలో గైడు ఫోన్ చేశారు. "మన వడపోత పద్ధతి రెండు రకాల నీళ్లకి పనిచెయ్యలేదని రాశావే, ఆ పేరా తీసెయ్యమ్మా. సరిపోతుంది."

"అది నిజం కద సార్."

"నిజమేనమ్మా, చోటేదీ?"

ఫోన్ పెట్టేసి ఆమె మొదటి పేజీకి వెళ్లింది. అనాదిగా మానవాళికి నీరే ప్రాణాధారం అంటూ గైడు స్వయంగా రాసిన పేరా అక్కడుంది. ఆ ల్యాబు పేపర్లన్నీ దానితోనే మొదలవుతాయి. అయిదు లైన్లు.

తాతయ్య వెనక నిలబడ్డాడు. "అది ముట్టుకుంటే సార్ నిన్ను బతకనివ్వరు."

"కోప్పడితే వినే ఓపిక కూడా లేదు తాతయ్యా."

ఆమె పేరా చెరిపేసింది. తొమ్మిదో పేజీ మాయమైంది. పేపరు పంపి, 'సార్, మీ పేరా తీసేశాను' అని గైడుకి మెసేజ్ పెట్టి, బల్ల మీద తల వాల్చింది.