పక్క మిషన్ సంతకం

"మూడోసారి వస్తున్నారు. చెప్పాను కదమ్మా, కాగితాలు ఇప్పుడివ్వడం కుదరదని," అన్నాడు బ్యాంకులో లోన్ల ఆఫీసరు తల ఎత్తకుండానే.

ఆమె కదల్లేదు. వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు. పూట సెలవు పెట్టి వచ్చింది. ఆ పూట కూలి మూడొందలు అప్పుడే గాలికి పోయాయి.

"అప్పంతా కట్టేశాను కదా సార్! ఐదేళ్లు, ఒక్క నెల తప్పలేదు. బాకీ లేదని మీరే ముద్ర వేసిచ్చారు."

"మీ లోను తీరింది, కాదన్నానా? ఇంకో లోనుకు మీరు హామీ ఉన్నారు. అది తీరేదాకా మీ ఇంటి కాగితాలు ఇక్కడే ఉంటాయి."

ఆమె పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో ఎవరినీ సొంత పేరుతో పిలవరు. చొక్కాలకు కాజాలు కుడుతుంది గనక ఆమె కాజా. పక్క మిషన్ మీద కూర్చునేది కాలర్. ఎవరు అప్పు తీసుకున్నా కుడిపక్క మిషన్ మీదున్న మనిషి హామీ సంతకం పెట్టాలి. ఎంత, ఎందుకు అని అడగకూడదు. ఇక కాగితం చదవడమంటే పక్కదాన్ని దొంగ అన్నట్టే. అన్నం గంటలో, కాలర్ అప్పు కాగితాన్ని టిఫిన్ డబ్బా మూత మీద పెట్టుకుని కాజా సంతకం గీకింది. అందులో తన ఇల్లు కూడా ఉందని ఆమెకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకు జీతం ఇవ్వరు మరి!

ఆరు నెలలు తిరక్కుండానే కాలర్ చూపుడువేలులో సూది దిగి విరిగింది. చీము పట్టి వేలు తీసేశారు. వేలు లేని మనిషితో ఫ్యాక్టరీకేం పని? ఇంటికి పంపేసింది. వాయిదాలు ఆగిపోయాయి.

ఇప్పుడు కాజా భర్త ఆసుపత్రిలో ఉన్నాడు. గోడలకు రంగులేసే మనిషి, పరంజా మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. రేపటిలోగా డబ్బు కడితే ఆపరేషన్, లేకపోతే నడక మీద ఆశ వదులుకోండన్నారు డాక్టర్లు. ఉన్న ఒక్క గది ఇంటికీ బేరం కుదిరింది. అసలు కాగితాలు చూపించందే కొనేవాడు పైసా తీయనంటున్నాడు.

"ఆయన కాలు పోతుంది సార్," అంది.

ఆఫీసరు ఈసారి తల ఎత్తాడు. చెడ్డవాడేం కాదు. "నేనూ జీతగాణ్ణేనమ్మా. ఒక దారుంది," అని టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు జరిపాడు. "ఇక్కడ సంతకం పెట్టండి. ఆవిడ మీదికి మేం వెళ్తాం. మీ కాగితాలు సాయంత్రానికి ఇప్పిస్తాను."

ప్రాణం లేచొచ్చింది ఆమెకు. పెన్ను తీసుకుంది. ఎందుకో ఆగింది.

"ఏం రాశారో చదవండి సార్."

"సదరు రుణగ్రహీత ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని సంపాదిస్తూ, కావాలనే బాకీ ఎగ్గొడుతోందని నాకు స్వయంగా తెలుసు..."

ఆ కుట్టుమిషన్ మీద కాలర్ ఇప్పుడు పాతబట్టలకు అతుకులు వేస్తోంది. గుడ్డ పట్టు దొరక్క జారిపోతుంటే పళ్లతో పట్టుకుని లాగుతుంది. ఆ మిషన్ కూడా పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"దాని వేలు నా కళ్లముందే పోయింది సార్. అది ఆరోగ్యంగా ఉందని నేను సంతకం పెట్టను."

"మరి మీ ఆయన?"

ఆమె పెన్ను బల్లమీద పెట్టేసింది. "నా అప్పు తీరింది. నా కాగితాలు ఎందుకివ్వరో రాసివ్వండి. అది పట్టుకుని పెద్దాఫీసుకు పోతాను."

"రాసివ్వడం కుదరదు," అన్నాడతను. తర్వాతి మనిషిని పిలిచాడు.

వార్డులో భర్త తలుపు వైపే చూస్తున్నాడు. "ఇచ్చారా?"

ఆమె దాచలేదు. మొదట్నుంచీ చెప్పింది.

"దాని వేలు ఎక్కువా నీకు, నా కాలు ఎక్కువా?"

ఆమె మంచం అంచున కూర్చుని, "రేపు పెద్దాఫీసుకు పోతున్నా. దారిలో కాలర్ ఇంటికి పోయొచ్చాను, అది కూడా వస్తానంది," అంది.

అతను కదలకుండా కాలికి బరువులు కట్టి ఉన్నాయి. అతను తిప్పుకోగలిగింది ముఖం ఒక్కటే. గోడవైపు తిప్పుకున్నాడు.